పాశమైలారం షెడ్డులో అమెరికా పడవ

అమ్మేవాడు చెప్పిన మాటలు నాలుగు. పడవ అమెరికాది, 1988 మోడల్. వెనకున్న ఇంజిన్ 150 హార్స్‌పవర్. స్పీడు అరవై మైళ్లు. 2018లో అమరావతి పడవ పందేలకు వచ్చి, వెనక్కి పోకుండా ఇక్కడే ఉండిపోయింది. అడిగిన ధర ఎనిమిది లక్షలు.

పటాన్‌చెరు దాటి ఇస్నాపూర్ చౌరస్తా దగ్గర లోపలికి తిరిగితే పాశమైలారం పారిశ్రామికవాడ. అక్కడ యాసిడ్ ట్యాంకులు చేసే ఒక ఫైబర్ షెడ్డు వెనక, తుమ్మచెట్టు కింద, ట్రైలర్ మీద ఉందా పడవ. పదిహేడు అడుగుల పొడవు, కోసుగా ఉన్న ముక్కు, నాలుగు సీట్లు, ఎండకు వెలిసిపోయిన ఎర్రచార. చుట్టూ మందుల కంపెనీల గొట్టాలు. సముద్రం మూడొందల కిలోమీటర్ల పైమాటే. కొనాలని మనసుపడ్డవాడు మా మిత్రుడు, అదే వాడలో పంపు విడిభాగాల యూనిట్ నడుపుతాడు. ఏళ్లుగా కారు అద్దంలోంచి దాన్ని చూస్తూనే పోతున్నాడు. బేరానికి దిగేముందు, అసలిది ఎక్కడిదో, ఎప్పటిదో తేల్చమన్నాడు. అమ్మేవాడు మూడో చేతివాడో, నాలుగో చేతివాడో. కాగితాలు లేవు. పడవనే అడగాలి.

నాలుగు మాటల్లో చివరిది అన్నిటికంటే ముందు కూలింది. 2018 నవంబర్ 16 నుంచి 18 వరకు విజయవాడ దగ్గర కృష్ణానదిలో ఎఫ్1 హెచ్2ఓ ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీ జరిగిన మాట నిజం. టీమ్ అమరావతి పేరుతో స్వీడన్ డ్రైవర్లు జోనాస్ ఆండర్సన్, ఎరిక్ ఎడిన్ దిగారు. కానీ ఆ పడవలు వేరు. ఆరు మీటర్ల కార్బన్ ఫైబర్ క్యాటమరాన్లు, అంటే అడుగున రెండు హల్స్ (పడవ దేహాలు), మధ్యలో గాలి పోయే సొరంగం. ఒక్కడే పట్టే మూత కాక్‌పిట్. గంటకు 200 కిలోమీటర్లు దాటే బండ్లు. మన ముందున్నది ఒకే హల్, వి ఆకారపు అడుగు, కుటుంబం ఎక్కే సీట్లు. ఆ పోటీకి, దీనికి నీళ్లు తప్ప పోలిక లేదు. అయినా ఆ కథ ఎలా పుట్టిందో ఊహించొచ్చు. ఆ వారమంతా టీవీల్లో స్పీడ్‌బోట్లే. చెట్టు కింద ఉన్నదానికి ఎవరో ఒకరు వంశవృక్షం తగిలించారు.

మిగిలిన మూడు మాటలు అంత తేలిగ్గా లొంగలేదు.

పడవ వెనక గోడను ట్రాన్సమ్ అంటారు. ఇంజిన్ బిగించేది దానికే. ఆ గోడ కుడివైపు పైమూలన, బూజు కింద పన్నెండు అక్షరాలు కనిపించాయి. అమెరికాలో 1972 నవంబర్ నుంచి ప్రతి పడవకూ ఇలాంటి హల్ నంబర్ ఉండాలి. మొదటి మూడక్షరాలు తయారీదారు గుర్తు, తర్వాతి అయిదు ఆ పడవ వరస సంఖ్య, చివరి నాలుగు పుట్టిన తేదీ. ఈ చివరి నాలుగు చదివే పద్ధతి 1984లో మారింది. అప్పటి నుంచి మొదటి అక్షరం నెల, ఏ అంటే జనవరి, బి అంటే ఫిబ్రవరి. తర్వాతి అంకె తయారైన ఏడాది చివరి అంకె. ఆఖరి రెండూ మోడల్ సంవత్సరం. ఇక్కడున్నవి హెచ్, 7, 8, 8. అంటే 1987 ఆగస్టులో తయారైన 1988 మోడల్. మొదటి మూడక్షరాలు నిజంగానే అమెరికా కంపెనీవి, ఆ పేరు ఇక్కడ అనవసరం. మిత్రుడి ముఖం వెలిగింది. అమ్మేవాడైతే “జెప్పిన గద సార్” అని బీడీ ముట్టించాడు.

తర్వాత ఇంజిన్. కవర్ మీద 150 అని పెద్ద స్టిక్కర్. స్టిక్కర్లు రాణిగంజ్‌లో దొరుకుతాయి, ప్లగ్గులు దొరకవు. కవర్ లేపి స్పార్క్ ప్లగ్గులు లెక్కపెట్టాం. ఒక పక్క రెండు, ఇంకో పక్క రెండు, మొత్తం నాలుగు. ఎవిన్‌రూడ్, జాన్సన్ ఇంజిన్లలో ఆ కాలపు 150 అంటే ఆరు సిలిండర్ల వి6. నాలుగుంటే అది వి4, దాని శక్తి అంతకంటే తక్కువ. మరి ఎంత? బ్రాకెట్ మీదుండాల్సిన ప్లేటు ఊడిపోయి, రెండు రివెట్లు మాత్రం మిగిలాయి. ఇలాంటి చాలా ఇంజిన్లకు బ్లాకు మీద గుండ్రటి ఉక్కు బిళ్ల ఒకటి దిగ్గొట్టి ఉంటుంది, దానిమీద కూడా నంబర్ కొట్టేవారు. ప్లేటు పీకేవాళ్లు ఈ బిళ్ల జోలికి రారు. కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే ఇంగ్లీషు ‘ఇ’ అక్షరంతో మొదలై 115 అనే అంకె, కొన్ని అక్షరాల తర్వాత సి, యు కనిపించాయి.

ఇక్కడ ఒక చిన్న సరదా తాళం ఉంది. ఈ రెండు బ్రాండ్లనూ చేసిన అవుట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్, 1980 నుంచి మోడల్ ఏడాదిని అంకెల్లో వేయడం మానేసి అక్షరాల్లో దాచింది. దానికి ఎంచుకున్న ఇంగ్లీషు మాట ‘ఇంట్రడ్యూసెస్’. అందులో పది అక్షరాలు, ఒక్కటీ రెండోసారి రాదు. ఐ అంటే 1, ఎన్ అంటే 2, టి 3, ఆర్ 4, ఓ 5, డి 6, యు 7, సి 8, ఇ 9, చివరి ఎస్ సున్నా. కాబట్టి సి, యు అంటే 87. ఇంజిన్ 1987 మోడల్ ఎవిన్‌రూడ్, 115 హార్స్‌పవర్. మెకానిక్కులు ఈ మాటను ఇప్పటికీ నోటిలెక్కగా వాడతారు. ఆ కంపెనీ 2000 చివర్లో దివాలా తీసింది. తర్వాత బ్రాండ్ బొంబార్డియర్ చేతికెళ్లింది. 2020లో ఎవిన్‌రూడ్ తయారీయే ఆగిపోయింది. తాళం మాత్రం పనిచేస్తూనే ఉంది.

స్పీడు సంగతి కాగితం మీద తేలింది. ప్రొపెల్లర్ బొడ్డు మీద 17 అని కొట్టి ఉంది. అది పిచ్, అంటే జారకుండా తిరిగితే ఒక చుట్టుకు 17 అంగుళాలు ముందుకు పోవాలి. ఈ ఇంజిన్ గేర్ నిష్పత్తి 2, అంటే ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక చుట్టు. ఇంజిన్ నిమిషానికి 5,500 చుట్లు తిరిగిందనుకుందాం. 5,500ను 17తో హెచ్చించి, 2తో భాగించి, మళ్లీ 1,056తో భాగిస్తే గంటకు మైళ్లు వస్తాయి. ఆ 1,056 మైలులోని అంగుళాలను అరవై నిమిషాలకు పంచితే వచ్చేది. లెక్క 44 మైళ్ల దగ్గర ఆగింది. నీళ్లలో ప్రొపెల్లర్ ఎంతో కొంత జారుతుంది. పదో వంతు తీసేస్తే 40 మైళ్లు, అంటే సుమారు 64 కిలోమీటర్లు. ఏ రేసర్ కూర్చున్నా ఆ ప్రొపెల్లర్‌తో అరవై మైళ్లు రావు. అరవై కిలోమీటర్లు మాత్రం హాయిగా వస్తాయి. ఎవరో అసలు నడిపినవాడు నిజమే చెప్పి ఉంటాడు, చేతులు మారేటప్పుడు కిలోమీటర్లు మైళ్లయ్యాయి.

ఇక్కడితో ఆగి ఉంటే బేరం ఆరేడు లక్షలకు దిగి ముగిసేదే. ఇంజిన్ చిన్నదైనా పడవ, ఇంజిన్ ఒకే ఏడు చుట్టూ కలిశాయి, అమెరికా నంబరుంది. కానీ తూకం అడ్డొచ్చింది.

ఈ బెల్టులో ఉన్నవాడికి రెండు సౌకర్యాలు. పిలిస్తే వచ్చే హైడ్రా క్రేను, సందుకో వేబ్రిడ్జి. ముందు పడవతో సహా ట్రైలర్‌ని కాంటా ఎక్కించి, తర్వాత హైడ్రాతో పడవను లేపి ఖాళీ ట్రైలర్‌ని తూచాం. తేడా 860 కిలోలు. ఇంజిన్‌కు నూట నలభై అయిదు పోతే హల్, సీట్లు కలిపి ఏడొందల పైచిలుకు. ఆ రోజుల్లో ఈ సైజు వేగపు పడవలు అయిదొందలకు అటూ ఇటూగా ఉండేవి. రెండొందల కిలోల అదనపు బరువు ఎక్కణ్నుంచి వచ్చింది?

పాత పడవలు తెలిసినవాడు మొదట అనుమానించేది నీళ్లు. అప్పటి అమెరికా పడవల్లో నేలకింద ఫోమ్ నింపేవారు. అది ఏళ్ల తరబడి తడి పీల్చుకుంటే పడవ వందల కిలోలు లావెక్కుతుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. నేల మీదున్న గుండ్రటి మూత విప్పి టార్చి వేశాం. ఫోమే లేదు. లోపల పొడిగా, శుభ్రంగా ఉంది. మరి బరువంతా హల్‌లోనే ఉండాలి. నీళ్లు పోయే డ్రెయిన్ రంధ్రం అంచున స్కేలు పెడితే 12 మిల్లీమీటర్ల మందం. ఆ కోతలో కనిపించింది పొర మీద పొరగా మ్యాట్, కత్తిరించిన గాజుపీచు. పడవలు కట్టేవాళ్లు మ్యాట్‌కూ నేసిన రోవింగ్‌కూ వంతులేసి వాడతారు, బరువు తగ్గుతుంది, బలం నిలుస్తుంది. మ్యాట్ మీద మ్యాట్ దట్టించి అర అంగుళం చేసేది ఎవరు? ట్యాంకులు చేసేవాళ్లు. షెడ్డు ముందు వరసగా నిలబెట్టిన యాసిడ్ ట్యాంకుల వైపు అప్పుడు మొదటిసారి సరిగ్గా చూశాం.

ఆ చూపుతో మళ్లీ పడవ దగ్గరికి వెళితే అన్నీ వేరేగా కనిపించాయి. అడుగున పొడవునా ఉండే స్ట్రేకులు, నీటిని కోసే గట్లు, అంచు పదునుగా ఉండాలి. ఇవి సబ్బుబిళ్ల అరిగినట్టు గుండ్రంగా ఉన్నాయి. వెనక నాలుగడుగుల మేర అడుగుకు ఇనుప స్కేలు ఆనిస్తే మధ్యలో వేలు దూరే సందు. దీన్ని హుక్ అంటారు. హల్ పూర్తిగా గట్టిపడకముందే మోల్డ్ నుంచి తీసి రెండు దిమ్మెల మీద పెడితే ఇలా వంగుతుంది. హుక్ ఉన్న పడవ వేగంలో ముక్కు నీళ్లలోకి దించుతుంది.

ఇంకా విచిత్రం, ట్రాన్సమ్ కింది భాగంలో ఎడమా కుడీ నాలుగేసి చిన్న గుంటలు, పప్పుగింజంత. వాటిలో స్క్రూ లేదు, ఎప్పుడూ ఉన్న ఆనవాలు లేదు, పైపూతైన జెల్‌కోట్ లోపలిదాకా నున్నగా పరుచుకుని ఉంది. లేని వస్తువు ముద్ర అది. ఈ రూపానికి మూలమైన పడవకు అక్కడ వాలు సరిచేసే రేకులు, అంటే ట్రిమ్ ట్యాబ్‌లు ఉండేవి. ఎవరో వాటిని ఊడదీసి, రంధ్రాలను పుట్టీతో సుమారుగా పూడ్చి, పైన మోల్డ్ తీశారు. పూడ్చిన చోట కాస్త లోతుగా మిగిలింది. ఆ లోతు ఇక్కడికొచ్చింది.

అప్పుడు నంబర్ దగ్గరికి తిరిగొచ్చాం. భూతద్దం కింద అక్షరాల గాళ్లు మెత్తగా ఉన్నాయి. హల్ తయారయ్యాక చెక్కి ఉంటే గాడి అంచుల్లో జెల్‌కోట్ తెగాలి, కింద గాజుపొర కనిపించాలి. ఇక్కడ జెల్‌కోట్ తెగనే లేదు, గాడిలోకి దిగి మళ్లీ పైకొచ్చింది. అంటే ఈ నంబర్ ఎవరూ వేసింది కాదు, అచ్చులోంచి వచ్చింది. అచ్చుల్లోనే నంబర్ పెట్టే కంపెనీలూ ఉంటాయని వాదించొచ్చు. దానికి విరుగుడు ఇంకో నిబంధనలో ఉంది. 1984 ఆగస్టు నుంచి అమెరికా పడవలకు అదే నంబర్ రెండోసారి కూడా వేయాలి, లోపల కనపడని చోట, ఏదో బిగింపు కిందో భాగం వెనకో. దొంగలు పైది చెరిపినా లోపలిది మిగలాలని. అమ్మేవాడి అనుమతితో బిగింపులు ఒక్కొక్కటే విప్పాం. ఎక్కడా లేదు. మోల్డ్‌కు బయటి చర్మమే తెలుసు, లోపలి రహస్యం తెలియదు.

సీటు పెట్టె కింద మాత్రం ఇంకోటి దొరికింది. రెసిన్‌లో అతుక్కుపోయిన తెలుగు దినపత్రిక ముక్క, అరచేయంత. ఫైబర్ పనివాళ్లు రెసిన్ కారకుండా కాగితాలు పరుస్తారు, కొన్ని లోపలే ఉండిపోతాయి. రెసిన్ తాగిన కాగితం అద్దంలా పారదర్శకమై, అక్షరాలు నల్లగా నిలిచాయి. ‘పోకిరి’ సినిమా శతదినోత్సవ ప్రకటన, మహేశ్‌బాబు భుజం, సగం థియేటర్ల జాబితా. ఆ సినిమా 2006 ఏప్రిల్ 28న విడుదలైంది. వంద రోజులంటే ఆగస్టు మొదటి వారం. వెంటనే ట్రైలర్ టైర్లు చూశాం. టైరు పక్కగోడ మీద నాలుగంకెల కోడ్‌లో మొదటి రెండూ వారం, చివరి రెండూ ఏడాది. అక్కడ 2906. అంటే 2006 జూలైలో అచ్చయిన టైరు. టైర్లు మార్చుకోవచ్చు, ఒంటరిగా దాని సాక్ష్యం చెల్లదు. పేపర్ ముక్కతో కలిపితే చెల్లుతుంది. హల్ నంబర్ చెప్పే నెలా ఆగస్టే, ఏడాదులు మాత్రం పంతొమ్మిది తేడా.

పడవ హల్‌ని అచ్చు తీసి నకలు చేయడం పటాన్‌చెరు కనిపెట్టిన విద్య కాదు. అమెరికాలో ఇది సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. ఫ్లోరిడాకు చెందిన బొనిటో బోట్స్ 1976లో ఒక మోడల్ తెచ్చింది. పేటెంట్ తీసుకోలేదు. తయారైన పడవ మీద నేరుగా మోల్డ్ తీయడాన్ని నిషేధిస్తూ ఫ్లోరిడా 1983లో చట్టం చేసింది. మరుసటేడు బొనిటో, టెనెస్సీకి చెందిన థండర్ క్రాఫ్ట్ మీద కేసు వేసింది. 1989 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ రాష్ట్ర చట్టాన్నే కొట్టేసింది. పేటెంట్ లేని రూపం అందరిదీ, దాన్ని రాష్ట్రాలు దొడ్డిదారిన కట్టేయలేవంది. చివరికి అమెరికా కాంగ్రెస్ 1998లో హల్ డిజైన్లకు ప్రత్యేక రక్షణ చట్టం తేవాల్సి వచ్చింది. మన డిజైన్ల చట్టం, 2000 కూడా రిజిస్టర్ చేసిన రూపానికే పదేళ్లు, పొడిగిస్తే మరో అయిదేళ్లు కాపలా కాస్తుంది. రూపం కాపీ కొట్టడం ఒకటి, కాపీకి అమెరికా పుట్టుక అంటగట్టి అమ్మడం ఇంకొకటి. రెండోది మోసం. మోసమే జరిగిందని అప్పటికి మేం నిర్ణయానికొచ్చేశాం కూడా.

ఆ నిర్ణయాన్ని కదిపింది షెడ్డులోని పాత మిస్త్రీ. ఇస్నాపూర్ మనిషి, చేతులమీద రెసిన్ మచ్చలు. పేపర్ ముక్క చూపించగానే నవ్వాడు.

“గా పడవనా? మేమే చేసినం సార్. బొంబాయి దిక్కుకెళ్లి లారీల పాతది అచ్చింది. కింద పగిలింది. బాగు చెయ్యమన్నరు. గంత పగిల్నదాన్ని యాడ అతికిస్తం? మోల్డ్ తీసి కొత్తదే పోసినం. పాతదాని ఇంజిన్ దీనికే బిగించినం.”

“మరి నంబర్ ఎందుకు వేశారన్నా?”

“మేమెయ్యలె. పాతదాని మీద ఉండె, గదే అచ్చింది. గది నంబరని మాకేమెరుక? ఏదో డిజైన్ అనుకున్నం.”

షెడ్డు వెనకకు తీసుకెళ్లాడు. కంపచెట్ల మధ్య ఆ మోల్డ్ ఇంకా ఉంది, రెండు ముక్కలుగా, ఒకదాంట్లో వాననీళ్లు. వెనక గోడ ముక్కను కాలితో తిరగేశాడు. ఎండుటాకులు దులిపితే పన్నెండక్షరాలు బయటపడ్డాయి, ఉబ్బెత్తుగా, అద్దంలో చూసినట్టు తిరగబడి. పగిలిన పాత హల్‌ని ముక్కలు చేసి ఎప్పుడో పారేశారట. దాని రెండో నంబర్ దాంతోనే పోయింది.

అంటే పటాన్‌చెరులో ఎవరూ దొంగ పడవ చేయలేదు. బాగు చేయమంటే తమకు తెలిసిన పద్ధతిలో బాగు చేశారు. ఆ తర్వాత చేతులు మారినకొద్దీ స్టిక్కరొచ్చింది, మైళ్లొచ్చాయి, అమరావతి వచ్చింది. నంబర్ ఉంది కాబట్టి అమెరికా కూడా వచ్చింది. ఇప్పటి అమ్మేవాడు తాను విన్నదే మాకు చెప్పాడు.

ఇంకో సంగతి. 1980ల అమెరికా పడవల్లో ఎక్కువ ఆర్థో రకం రెసిన్. ఏళ్లు నీళ్లలో ఉంటే జెల్‌కోట్ కింద బొబ్బలు లేస్తాయి, కొనేవాళ్లను ఏడిపించే జబ్బు అది. మిస్త్రీ ఏ రెసిన్ వాడారో చెప్పాడు, “ట్యాంకులకు పోసేదే, ఐసో.” యాసిడ్‌కు ఆగే ఐసోఫ్తాలిక్ రెసిన్ నీటికి ఇంకా బాగా ఆగుతుంది. హల్ అంతా చేత్తో తడిమినా ఒక్క బొబ్బ లేదు. ట్రాన్సమ్‌ను సుత్తితో మెల్లగా కొడితే అంతటా గట్టి మోత, ఎక్కడా బోలు లేదు. ఇంజిన్ కాలు పట్టుకుని ఊపితే గోడ కదల్లేదు. బరువెక్కువ, వెనక హుక్ ఉంది, రేసుకు పనికిరాదు. కానీ కుటుంబంతో ఎక్కడానికి, నా మాటకు విలువుంటే, చాలా ‘అసలు’ పడవల కంటే ఇదే నయం.

ఇంజిన్‌కు మాత్రం వయసు దాచడం కుదరలేదు. కంప్రెషన్ గేజ్ పెడితే మూడు సిలిండర్లు 110 దగ్గర నిలిచాయి, నాలుగోది 85 దాటలేదు. పదిశాతం మించి తేడా ఉంటే లోపల రింగులో, గోడలో పోయినట్టు. కింది గేర్ పెట్టె ఆయిల్ పాలలా తెల్లగా వచ్చింది, సీలు దాటి నీళ్లు చేరాయి. ఆ రెండు పనులూ ధరలోంచి పోవాల్సినవే.

మిత్రుడు రెండు లక్షల డెబ్బై వేలకు తీసుకున్నాడు. అమ్మేవాడు గొణిగాడు గానీ మోల్డ్ ముక్క చూశాక ఎక్కువ వాదించలేదు. దగ్గర్లో నీళ్లున్నాయి కదా అని మంజీరలో దింపే ఆలోచన చెయ్యొద్దని ముందే చెప్పాను. అది మొసళ్ల అభయారణ్యం, పైగా తాగునీరు. 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్గత జలనౌకల చట్టం ప్రకారం ఇంజిన్ పడవకు తనిఖీ, రిజిస్ట్రేషన్, బీమా ఉండాలి. ఆ దరఖాస్తు నింపేటప్పుడు పన్నెండక్షరాలనూ వదిలేశాం. తయారైన చోటు పాశమైలారం, సంవత్సరం 2006 అని రాశాం. కవర్ మీది 150 స్టిక్కర్ పీకేశాం. నాలుగో సిలిండర్‌కు పిస్టన్ ఇంకా దొరకలేదు.